ఆ ‘కానీ’ తీసేయండి

“నాస్తికుడే కానీ చాలా మంచివాడండీ.” ఇలా అనేవాళ్ళు పొగుడుతున్నామనే అనుకుంటారు. నా అభ్యంతరం ఆ ‘కానీ’ మీద. “రోజూ గుడికెళ్తాడు కానీ మంచివాడే” అని ఎవరి గురించీ అనం కదా. అంటే తిట్టినట్టుంటుంది. మొదటిదీ తిట్టే. వినీ వినీ అలవాటైపోయింది, అంతే.

దీని వెనకున్న వాదన అందరికీ తెలిసిందే. దేవుడంటే భయం లేనివాడు ఇంక దేనికి భయపడతాడు? ఈ అనుమానం మాటలతో ఆగదు. పెళ్ళి సంబంధాల దగ్గర తలెత్తుతుంది. అద్దెకొచ్చినవాళ్ళు పూజగదిలో పుస్తకాలు సర్దుకుంటే ఇంటి ఓనరు ముఖంలో కనిపిస్తుంది.

నిజంగా భయమే మంచితనానికి పూచీ అయితే, మన గుళ్ళనే చూద్దాం. సాక్షాత్తూ దేవుడి ఎదురుగా ఉన్న హుండీకి తాళం వేస్తాం. పైన సీసీ కెమెరా పెడతాం. బయట చెప్పులు వదిలి టోకెన్ తీసుకుంటాం. వచ్చేవాళ్ళంతా భక్తులే కదా! వెక్కిరించడానికి చెప్పడం లేదు. నిజాయితీకి భక్తి ఒక్కటే హామీ కాదని భక్తులకూ తెలుసు. నాస్తికుడి దగ్గరకొచ్చేసరికి ఆ సంగతి ఎందుకు మర్చిపోతారన్నదే నా ప్రశ్న.

ఆ ‘కానీ’ ఎంత తప్పో గోరా జీవితం చెబుతుంది. గోపరాజు రామచంద్రరావు (1902-1975) వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్. నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. అన్ని కులాలవాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టారు. కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రామ్‌లో పెళ్ళి చేశారు. గాంధీ ముందే ఒప్పుకున్న పెళ్ళి అది, కానీ అది జరిగేనాటికి ఆయన లేరు.

నాస్తికుడై ఉండి కూడా ఇన్ని మంచిపనులు చేశారని ఇప్పటికీ మెచ్చుకుంటుంటారు. ఆ ‘ఉండి కూడా’ తప్పు. పూర్వజన్మ కర్మ అన్న మాట నమ్మలేదు కనుకే, అంటరానితనం ఆయనకు మనుషులు చేసిన తప్పుగా, మనుషులే దిద్దాల్సిన తప్పుగా కనిపించింది. ఇక్కడ వాడాల్సిన మాట ‘కనుక’. గాంధీ దేవుణ్ణి నమ్ముతూనే ఆ పెళ్ళి దాకా వచ్చారు. ఎవరి దారి వాళ్ళది.

అలాగని ప్రతి నాస్తికుడూ గోరా కానక్కర్లేదు. ఎవరైనా అనుమానంగా చూడగానే మహానుభావుల జాబితా అప్పజెప్పడం మా వైపు జబ్బు. అడిగినవాళ్ళకల్లా క్యారెక్టర్ సర్టిఫికెట్ చూపించడం లాంటిది అది. మాలోనూ దేవుణ్ణి వదిలేసి కులాన్ని వదలనివాళ్ళున్నారు. ముహూర్తం చూడరు, కులం మాత్రం చూస్తారు. వాళ్ళని కడిగేయండి. అయితే కులం చూసినందుకు కడగండి, దేవుణ్ణి నమ్మనందుకు కాదు.

ఈ విషయంలో మన రాజ్యాంగమే నయం. మంత్రి అయ్యేవాళ్ళు దైవసాక్షిగా ప్రమాణం చేయొచ్చు, దేవుడి పేరెత్తకుండానూ చేయొచ్చు. రెండోది ఎంచుకున్నవాళ్ళని అదనంగా జామీను అడగదు. పక్కింటాయన్ని, ఆఫీసులో కొలీగ్‌ని, కాబోయే అల్లుణ్ణి మనం మాత్రం ఎందుకడగాలి? అప్పు తీరుస్తాడా, ఇంట్లోవాళ్ళతో మర్యాదగా ఉంటాడా, మాట మీద నిలబడతాడా? ఆస్తికుణ్ణి తూచే రాళ్ళు ఇవే కదా. నాస్తికుణ్ణీ వాటితోనే తూచండి. తేలిపోతే తేలిపోయాడని చెప్పండి. మంచివాడైతే మంచివాడని చెప్పి, అక్కడితో ఆపేయండి.