సమీప ఛాయాచిత్రం: అలంకారమా, ఆధారమా?

వానకారు ముగిసేలోగా పొలంగట్లు, బంజరు నేలలు, చెరువు కట్టలు పూలతో నిండిపోతాయి. విష్ణుక్రాంత నీలం, పల్లేరు పసుపు, తుమ్మి తెలుపు, గునుగు లేత గులాబీ రంగు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. ఈ మొక్కలను వాటి సహజ ఆవాసంలోనే, అతి దగ్గర నుంచి చిత్రీకరించే ఆసక్తి ఇటీవల బాగా పెరిగింది. చేతిఫోనుకు చిన్న మ్యాక్రో కటకం తగిలించుకున్న విద్యార్థి సైతం కంటికి ఆనని నూగును, పుప్పొడిని స్పష్టంగా చూపగలుగుతున్నాడు. ఈ అభిరుచి ఆహ్వానించదగినదే. అయితే వ్యవసాయ శాస్త్రం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ చిత్రాలు అలంకారంగానే మిగిలిపోవాలా, లేక పొలంలో తీసుకునే నిర్ణయాలకు ఆధారం కావాలా?

మొక్క చిత్రం శాస్త్రానికి ఆధారం కావడం తెలుగు నేలకు కొత్త కాదు. 18వ శతాబ్దం చివరి దశకాల్లో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలో ఎంపిక చేసిన 300 చిత్రాలతో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడింది. కొమ్మను ఆకులతో, పూలతో చూపడమే కాక పూభాగాలను విడదీసి విడిగా చూపడం ఆ చిత్రాల పద్ధతి. మొక్కల తెలుగు పేర్లు కూడా అందులో నమోదయ్యాయి. కంటికి ఇంపైన బొమ్మే గుర్తింపునకు సాక్ష్యంగానూ నిలిచింది. నేటి ఛాయాచిత్రాలలో కొరవడుతున్నది ఈ రెండవ గుణమే. ఎక్కువమంది పూవును మాత్రమే తీస్తున్నారు, మొక్కను తీయడం లేదు.

దీనివల్ల కలిగే లోటు నేరుగా విత్తిన వరి పొలంలో స్పష్టంగా తెలుస్తుంది. విత్తిన రెండు మూడు వారాలకు వరి, ఊద పక్కపక్కనే ఒకే పచ్చదనంతో నిలుస్తాయి. తేడా ఎక్కడుందో తెలియాలంటే ఆకు, దాని తొడుగు కలిసే చోటును పరిశీలించాలి. వరిలో అక్కడ పలుచని పొర వంటి లిగ్యూల్, దాని ఇరుపక్కలా కొడవలిలా వంగి నూగుతో కూడిన ఆరికిళ్లు ఉంటాయి. పొలాల్లో సాధారణంగా కనిపించే ఊద రకాలలో ఈ రెండూ ఉండవు. గుర్తింపు అంతా కొద్ది మిల్లీమీటర్ల భాగం మీద ఆధారపడి ఉంది. సమీప ఛాయాచిత్రణకు ఇంతకంటే తగిన పని మరొకటి లేదు. అందమైన దృశ్యం కాకపోవడం వల్ల ఆ చిత్రం తీసేవారే అరుదు.

ఇక్కడ కాలం కూడా ముఖ్యమే. బిస్‌పైరిబాక్ సోడియం వంటి కలుపు మందులు కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడే బాగా పనిచేస్తాయి. ఆ దశలో పూవు ఉండదు. వృక్షశాస్త్ర గ్రంథాలలోని గుర్తింపు పట్టికలు ప్రధానంగా పూవు, కాయ, గింజల లక్షణాల మీద ఆధారపడతాయి. పూత వచ్చి పేరు తేలేసరికి మందు వేళ దాటిపోతుంది. మరికొన్నాళ్లకు గింజ రాలి వచ్చే ఏటి కలుపు నేలలో చేరుతుంది. గడ్డిజాతి, తుంగజాతి, వెడల్పాటి ఆకుల కలుపు అనే మూడు తరగతులను పొరబడినా తగని మందు ఎంపికవుతుంది. ఆ ఖర్చును, ఆ దిగుబడి నష్టాన్ని భరించేది రైతే.

బతుకమ్మ పండుగనాడు గునుగు పూవును గుర్తించని వారు తెలంగాణలో ఉండరు. అదే గునుగు మెట్ట చేలల్లో రెండాకుల మొలకగా ఉన్నప్పుడు ఇట్టే పోల్చగలిగిన వారు కొద్దిమందే. వయ్యారిభామ విషయమూ ఇంతే. 1950వ దశకంలో పుణె ప్రాంతంలో గుర్తించిన ఈ మొక్క తరువాత దేశమంతటా వ్యాపించింది. దాని తెల్లని పూగుత్తుల చిత్రాలు కోకొల్లలు. కానీ పీకివేయవలసినది పూయకముందే. నేలకు అంటుకుని పరచుకున్న చీలికల ఆకుల దశ చిత్రమే రైతుకు నిజంగా పనికొస్తుంది.

కలుపు ఒక్కటే కాదు, పంటల వన్య బంధువులు కూడా ఇలాంటి ఆవాసాల్లోనే పెరుగుతాయి. వరిలో గ్రాసీ స్టంట్ వైరస్ తెగులును తట్టుకునే గుణం ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒరైజా నివారా అనే అడవి వరి నుంచి లభించింది. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వేల నమూనాలను పరీక్షించాక దొరికిన నిధి అది. గుంటల అంచున ఉన్న గడ్డిని గడ్డిగానే చూసి వదిలివేస్తే పోయేది ఏమిటో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

చిత్రం ఆధారం కావాలంటే కొన్ని నియమాలు తప్పవు. మొక్క ఉన్న చోటు మొత్తం, మొక్క పూర్తి రూపం, కాండం, ఆకు పైభాగం, అడుగుభాగం, ఆకు తొడుగు, పూవు, కాయ, ఇవన్నీ వేర్వేరు చిత్రాలుగా ఉండాలి. ఒక దానిలోనైనా కొలబద్ద కనిపించాలి. తేదీ, గ్రామం, నేల స్వభావం, పైరు, పైరు వయస్సు రాసి ఉంచాలి. వస్తువును సజీవ పరిమాణంలో చిత్రించేటప్పుడు స్పష్టత ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు మించదు. అందువల్ల ఒకే చిత్రంలో అన్నీ చూపాలనే ప్రయత్నం వ్యర్థం. గాలి తక్కువగా ఉండే ఉదయమే అనువైన వేళ. విష్ణుక్రాంత వంటి పూలు మధ్యాహ్నానికే ముడుచుకుంటాయి కూడా. పూవు మీద నీళ్లు చిలకరించడం, చుట్టూ ఉన్న గడ్డిని పీకి నేపథ్యాన్ని శుభ్రం చేయడం సాక్ష్యాన్ని చెరపడమే అవుతుంది. ఏ మొక్క పక్కన ఏ మొక్క పెరుగుతుందన్నదీ సమాచారమే.

జాగ్రత్త మరొకటి ఉంది. చిత్రం కోసం మొక్కను తుంచడం, లేత మొలకలను తొక్కడం సమర్థనీయం కాదు. అరుదైన మొక్కలున్న కచ్చితమైన స్థలాన్ని బహిరంగపరచడం అంతకంటే ప్రమాదకరం. శేషాచలం ప్రాంతపు కొండలకే పరిమితమైన సైకస్ బెడ్డోమి మగ శంకువులను మందుల కోసం కోసుకుపోవడం తెలిసిందే. అంతర్జాతీయ వాణిజ్యంపై అత్యంత కఠినమైన నిషేధం ఉన్న జాబితాలో ఆ మొక్క చేరింది. అటువంటి వాటి స్థల వివరాలు శాస్త్రజ్ఞుల వద్దే ఉండాలి.

ఛాయాచిత్రానికి పరిమితులున్న మాట నిజమే. ఎండబెట్టి భద్రపరచిన నమూనాకు అది ప్రత్యామ్నాయం కాదు. చిత్రం నుంచి డీఎన్ఏ లభించదు. పొగాకు మల్లె పూకాడ నేలపైకి వచ్చేసరికి వేరు దగ్గర జరగవలసిన నష్టం అప్పటికే మొదలై ఉంటుంది. ఆ సంగతి ఏ కెమెరా చూపదు. ఫోనులోని గుర్తింపు యాప్‌లు ఉండగా ఇంత శ్రమ ఎందుకన్న వాదన మాత్రం నిలవదు. ఆ యాప్‌లు తమకు అందిన చిత్రాల నుంచే నేర్చుకుంటాయి. పూల చిత్రాలే అందిస్తే అవి పూలనే గుర్తిస్తాయి. ఈ నేల మీది మొలకల చిత్రాలను ఈ నేల మీది వారే తీయాలి.

ఇందుకు పెద్ద నిధులు అవసరం లేదు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా ఏటా విద్యార్థులు పల్లెల్లో కొన్ని నెలలు గడుపుతారు. ఒక్కొక్కరు ఒక్కొక్క కలుపు మొక్కను ఎంచుకుని, మొలక నుంచి గింజ వరకు అదే పొలంలో చిత్రీకరించి, రైతులు పిలిచే పేర్లతో సహా సమర్పించాలి. ఆ చిత్రాలను ఉపాధ్యాయులు సరిచూడాలి, వాటికి మార్కులు కేటాయించాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు వాటిని పంటల వారీగా ముద్రించి పైరు వేయకముందే రైతులకు అందించాలి. మొలకను చూసి పేరు చెప్పగలిగిన రైతుకు ఏ మందు కొనాలో, అసలు మందు అవసరమో కాదో దుకాణదారుడిని అడగవలసిన పరిస్థితి తగ్గుతుంది.