అత్తమ్మ చేతిలో పని లాక్కోకండి

మన వైపు కోడలికి మంచిపేరు రావాలంటే ఒక గుర్తు ఉంది. "వాళ్ల కోడలు అత్తను పుల్ల కూడా అటుదిటు పెట్టనీదమ్మా" అని వీధిలో నలుగురూ అనాలి. రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో ఈ మర్యాద మరీ ఎక్కువ. చాలా ఇళ్లలో కొడుకులు, కొన్ని ఇళ్లలో కూతుళ్లు కూడా కువైట్‌లో ఉంటారు. వాళ్లు పంపిన డబ్బుతో మిక్సీ, గ్రైండరు, నీళ్ల మోటారు వచ్చాయి. "అమ్మా, నువ్వు పడిన కష్టం చాలు, ఇంక కూర్చో" అని ఫోన్లో చెబుతారు. ఆమె కూర్చుంటుంది. రెండేళ్లు తిరిగేసరికి లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఆ తర్వాత పొయ్యి మీద పాలు మరిచిపోవడం, చెప్పిందే చెప్పడం. "వయసు మీద పడింది, చాదస్తం" అని మనం సరిపెట్టుకుంటాం.

కాళ్ల సంగతి వేరు, మతి సంగతి వేరు అనుకుంటాం కదా! ఆ రెండింటికీ సంబంధం ఉందంటున్నారు డాక్టర్లు.

వయసుతో కండ కరిగిపోవడానికి 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే అమెరికా వైద్యుడు సార్కోపీనియా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో మాంసం, లేమి అనే మాటలు కలిపిన పేరు. ముప్పై దాటాక పదేళ్లకు నూటికి 3 నుంచి 8 పాళ్ల కండ తగ్గుతుందని లెక్క. అరవై దాటితే ఇంకా వేగం. ఆడవాళ్లకు ముట్లు ఆగాక ఈ నష్టం ఎక్కువవుతుంది.

మరి మెదడుకేమిటి సంబంధం? మనం తిన్న అన్నం, సంగటి చక్కెరగా మారి రక్తంలోకి వస్తే, అందులో ఎక్కువ భాగాన్ని వాడుకునేది కండే. కండ తగ్గితే ఆ చక్కెర రక్తంలో నిలుస్తుంది. షుగరు ముదిరితే మెదడుకు వెళ్లే సన్న రక్తనాళాలు దెబ్బతింటాయి. ఇంకొకటి, కండ కదిలినప్పుడల్లా రక్తంలోకి కొన్ని పదార్థాలను వదులుతుంది. 2012లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు ఎలుకల్లో కనిపెట్టిన అలాంటి ఒకదానికి ఐరిసిన్ అని పేరు. గ్రీకుల కథల్లో వార్తలు మోసే దేవత పేరది.

2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుతో ఏడాదిపాటు వారానికి మూడు రోజులు 40 నిమిషాల దాకా నడిపించారు. జ్ఞాపకాలను దాచే మెదడు భాగం వాళ్లలో నూటికి 2 పాళ్లు పెరిగింది. వట్టి సాగదీసే వ్యాయామం చేసిన రెండో జట్టుకు తగ్గింది. 2024లో ఇంకో పరిశోధనలో 600 మందికి పైగా వృద్ధుల కణత దగ్గరి కండను స్కానులో కొలిచారు. అది చిన్నగా ఉన్నవాళ్లకు తర్వాతి ఏళ్లలో మతిమరుపు జబ్బు ఎక్కువగా వచ్చింది. కండ తగ్గినంత మాత్రాన ఆ జబ్బు తప్పదని కాదు. మెదడు మందగిస్తే మనిషి కదలడం తగ్గి కండ పోవడమూ ఉంది. ఏది ముందైనా కదలిక రెండింటికీ మేలే.

మన దేశంలో అరవై దాటిన ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వచ్చిన లెక్క. అందులో మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ.

ఇంట్లోనే చూసుకునే పరీక్షలు రెండున్నాయి. చేతులు గుండెలకు కట్టుకుని, కుర్చీలోంచి వరసగా ఐదుసార్లు లేచి నిలబడమనండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే బలం తగ్గినట్టే. పక్కన మీరు నిలబడండి. ఇక బట్టలు కుట్టే టేపుతో పిక్కను లావుగా ఉన్నచోట కొలవండి. ఆడవాళ్లకు 33, మగవాళ్లకు 34 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే జాగ్రత్తపడాలి. 2019లో ఆసియా దేశాల వైద్యులు ఒప్పుకున్న కొలతలివి.

తిండి దగ్గర మన అవ్వల తీరు తెలిసిందే. ఇంత సంగటి, ఇంత ఊరిబిండి, పైన మజ్జిగ. "నాకెందుకమ్మా, పిల్లలకు పెట్టు" అని పప్పు గిన్నె పక్కకు నెడతారు. 50 కిలోల మనిషికి రోజుకు 40 గ్రాములకు పైగా మాంసకృత్తులు కావాలి. పెద్దవయసులో 50 నుంచి 60 దాకా ఉంటే మంచిదంటారు. 100 గ్రాముల రాగిపిండిలో 7, అంతే బియ్యంలో 7, గ్లాసు పాలలో 6, గుడ్డులో 6, పిడికెడు చెనిక్కాయ విత్తనాల్లో 7 గ్రాములుంటాయి. 30 గ్రాముల కందిపప్పులో, అంతే ఉలవల్లో ఆరేసి గ్రాములకు పైనే. ఇవన్నీ కలిపితే 45 దాటుతుంది. ఇంకో గరిటె పప్పో, కప్పు పెరుగో చేరిస్తే లెక్క సరి. పళ్లు లేనివాళ్లకు ఉలవలు నానబెట్టి, మెత్తగా ఉడికించి, మెదిపి తాలింపు పెట్టండి. వేయించిన చెనిక్కాయల పొడి రాగిజావలో కలపండి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే పప్పులు పెంచాలి.

తిండి ఒక్కటే చాలదు, కండకు పని చెప్పాలి. కుర్చీలోంచి పదిసార్లు లేవడం పొద్దున, సాయంత్రం. గోడ పట్టుకుని మడమలెత్తి దించడం. వీరభద్రస్వామి గుడిదాకానో, వీధి చివరిదాకానో నడక. చెనిక్కాయలు ఒలవనీయండి, చెట్లకు నీళ్లు పోయనీయండి, పాలవాడి లెక్క ఆమెకే అప్పజెప్పండి. చేతికి, మతికి రెండింటికీ పని. నీళ్ల బిందెలు ఎత్తడం, పీట ఎక్కడం మాత్రం వద్దు. కింద పడితే తుంటి ఎముక విరుగుతుంది.

మరుపు కొత్తగా మొదలైతే వయసని వదిలేయకండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా మతిమరుపు వస్తుంది. వాటికి మందులున్నాయి. చెవుడు, చూపు తగ్గడం కూడా మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాల్లో ఉన్నాయి. వాటినీ చూపించండి.

"అత్తతో పని చేయిస్తోంది" అని ఎవరైనా అంటే అననివ్వండి. కువైట్ నుంచి కొడుకు ఫోన్ చేసినప్పుడు గొంతు గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచే తల్లి ఇంట్లో ఉండాలి. నలుగురి మెప్పుకన్నా అది ముఖ్యం. అన్నట్టు, టేపు చేతిలో ఉన్నప్పుడు మన పిక్కలు కూడా కొలుచుకుందాం. నలభైల్లో ఉన్న మనకు ఇదే అదను.