కార్డు దాచినవాడికి కప్పు ఇవ్వకూడదు



మన సంఘం గోల్ఫ్ పోటీలో ఈసారి హ్యాండిక్యాప్ సంగతి ఎలా చూడాలని నాలుగు రోజులుగా మాటలు నడుస్తున్నాయి. "సరదాగా ఆడుకునే ఆటకి ఇన్ని రూల్సా?" అని కొందరు. "ఎప్పుడూ ఆ ముగ్గురే కదా గెలిచేది!" అని కొందరు. నేను గోల్ఫ్ ఆడేవాణ్ణి కాను. రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాక కొంతకాలం ఒక క్లబ్బులో స్కోరు కార్డుల లెక్క చూశాను. అందుకని ఆట గురించి కాదు, లెక్క గురించే రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

గోల్ఫ్ తెలియనివాళ్ళు మనలో ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ముందు హ్యాండిక్యాప్ అంటే ఏమిటో చెబుతాను. 18 హోల్స్ ఉన్న కోర్సులో పార్ 72 అనుకుందాం. అంటే బాగా ఆడేవాడికి 72 స్ట్రోకులు సరిపోతాయి. కొత్తగా నేర్చుకున్నవాడికి 100 పడతాయి. ఇద్దరికీ పోటీ పెడితే ఫలితం ముందే తెలిసిపోతుంది. అందుకని కొత్తవాడి స్కోరులోంచి 28 తీసేస్తారు. చిన్నప్పుడు గోళీలాటలో చిన్న తమ్ముణ్ణి రెండడుగులు ముందు నిలబడనిచ్చేవాళ్ళం కదా, అదే ఇది. దీనివల్లే 70 ఏళ్ళ తాతగారూ 25 ఏళ్ళ మనవడూ ఒకే పోటీలో ఆడగలుగుతున్నారు, ఎవరైనా గెలవగలుగుతున్నారు.

2020 నుంచి ప్రపంచమంతటికీ ఒకే హ్యాండిక్యాప్ పద్ధతి వచ్చింది. ఆటగాడి చివరి 20 కార్డుల్లో మంచివి 8 తీసి, వాటి సగటు కడతారు. కోర్సు ఎంత కష్టమైనదో అది కూడా లెక్కలోకి వస్తుంది. ఎంత కొత్తవాడికైనా 54 కంటే ఎక్కువ ఇవ్వరు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇది 20 ఆటల సగటు కాదు, మంచి ఆటల సగటు. కాబట్టి నిజాయితీగా కార్డులిచ్చే మనిషి మామూలు రోజున తన హ్యాండిక్యాప్ కంటే రెండు మూడు స్ట్రోకులు ఎక్కువే ఆడతాడు. నాలుగైదు ఆటలకి ఒకసారి దాన్ని అందుకుంటాడు. మరి కప్పు ఉన్న ప్రతిరోజూ ఐదారు స్ట్రోకులు తక్కువలో ఆడేవాణ్ణి ఏమనుకోవాలి? వేగంగా ఎదుగుతున్న కుర్రాడైనా అయ్యుండాలి, కొన్ని కార్డులు ఆఫీసుకు రాకుండా జేబులోనే ఉండిపోయైనా ఉండాలి.

కుర్రాడి సంగతి పద్ధతే చూసుకుంటుంది. ఎవరైనా ఒక ఆటలో తన స్థాయి కంటే 7 స్ట్రోకులు మెరుగ్గా ఆడితే మామూలు లెక్క మీద ఇంకో 1 తగ్గిస్తుంది, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 2 తగ్గిస్తుంది. హ్యాండిక్యాప్ పెరగడానికి కూడా పగ్గం ఉంది. ఏడాదిలో ఉన్న అతి తక్కువ అంకె కంటే 3 పెరిగాక వేగం సగమవుతుంది, 5 దాటి పెరగనే పెరగదు. ఇన్ని తాళాలు వేసినా, రాని కార్డుని ఏ సూత్రమూ లెక్కెయ్యలేదు.

మోసం చాలా సులువు. బాగా ఆడిన ఆదివారం కార్డు జేబులో ఉండిపోతుంది. చెడగొట్టుకున్న బుధవారం కార్డు మాత్రం సంతకాలతో సహా ఆఫీసుకు వచ్చేస్తుంది. వచ్చిన ప్రతి కార్డూ నిజమే. అన్నీ కలిపి చూస్తే మాత్రం అబద్ధం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకాయన హ్యాండిక్యాప్ 18, కార్డులన్నీ ఇచ్చే మనిషి. పోటీరోజు మనసు నిండేలా ఆడి 88 కొట్టాడు, 18 తీసేస్తే 70. ఇంకొకాయన నిజంగా 12 మనిషి, కాగితం మీద 20. మామూలుగా ఆడే ఆటే ఆడి 86 కొట్టాడు, 20 తీసేస్తే 66. నిజమైన 12 తీసి ఉంటే 74 అయ్యేది. బాగా ఆడినవాడు చప్పట్లు కొట్టాడు, మామూలుగా ఆడినవాడు కప్పు పట్టుకెళ్ళాడు. ఆ మొదటాయన గొడవ పెట్టుకోడు. వచ్చే ఏడాది పిలిస్తే "ఆరోజు బంధువులింట్లో పెళ్ళుందండీ" అంటాడు. అలా ఒక్కొక్కరే తగ్గిపోతారు. మన పోటీ ఎంట్రీ ఫీజు పిల్లల చదువు సాయానికి పోతుందన్నది మరిచిపోకండి. ఆడేవాళ్ళు పదిమంది తగ్గితే ఆ లోటు పడేది ఏదో ఒక పిల్లవాడి కాలేజీ ఫీజు మీద.

"పెద్దమనుషుల్ని అనుమానిస్తామా?" అని ఒకరు అడిగారు. అట్ట టికెట్ల రోజుల్లో మా బుకింగ్ కౌంటర్లో ప్రతి టికెట్టుకీ నంబరు ఉండేది. డ్యూటీ దిగేటప్పుడు మొదటి నంబరు, ఆఖరి నంబరు రాసి లెక్క ఒప్పజెప్పాలి. క్యాన్సిల్ చేసిన టికెట్టు కూడా చూపించాలి. ఒక్క నంబరు కనబడకపోతే డెబిట్ గుమాస్తా మీద పడేది. దాన్ని ఎవరూ అవమానం అనుకోలేదు. సరిచూడటం అనుమానించడం కాదు. తెలుగు ఊళ్ళో కరణానికైనా, ఇక్కడి కణక్కుపిళ్ళైకైనా లెక్క చూపిస్తేనే గౌరవం.

క్లబ్బుల్లో చెయ్యాల్సింది కూడా ఇదే. ఎవరు ఏ టైముకి ఎవరితో ఆట మొదలుపెట్టారో స్టార్టర్ దగ్గర పుస్తకం ఉంటుంది. సాయంత్రం ఆ పుస్తకాన్నీ, వచ్చిన కార్డులనీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. కార్డు ఇవ్వాల్సిన ఆట ఆడి కూడా ఇవ్వనివాడికి పెనాల్టీ స్కోరు వేసే అధికారం హ్యాండిక్యాప్ కమిటీకి ఉంది. లేనిది ధైర్యమే. మనవాళ్ళలో క్లబ్బు కమిటీల్లో ఉన్నవాళ్ళున్నారు, ఈ మాట అక్కడ ఎత్తండి.

క్యాడీలను అడిగితే నిజం తెలుస్తుందని కొందరంటారు. తెలుస్తుంది, కానీ అడగకూడదు. రేపు ఆ అయ్య బ్యాగు మొయ్యకపోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. మనం చెయ్యాల్సిన పని పేదవాడి నెత్తిన పెట్టొద్దు.

మన పోటీకి నేను అడిగేవి నాలుగు. ఒకటి, ప్రతి ఆటగాడూ తన క్లబ్బు నుంచి చివరి 20 కార్డుల రికార్డు తేవాలి, అది అందరికీ కనబడేలా బోర్డు మీద పెట్టాలి. రెండు, హ్యాండిక్యాప్ లేనివాళ్ళని వెనక్కి పంపొద్దు, వాళ్ళకి వేరే బహుమతి పెడదాం. మూడు, ఆరోజు పోటీలో లేని ముగ్గురితో కమిటీ వెయ్యాలి. ఎవరి అంకె తగ్గించినా కారణం కాగితం మీద రాసి, ఆయన మాట కూడా విని తగ్గించాలి. చందా ఎక్కువిచ్చినవాడికీ, కొత్తగా చేరినవాడికీ ఒకే రూలు. నాలుగు, ఆరోజు స్కోర్లన్నీ, గెలిచినవాళ్ళవి ముందుగా, అదే సాయంత్రం వాళ్ళ వాళ్ళ క్లబ్బులకు పంపాలి. మన దగ్గర కొట్టిన 86 వాళ్ళ రికార్డులోకి ఎక్కితే వచ్చే ఏడాది ఆ 20 అనే అంకె నిలబడదు.

వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక మనిషి ఒక పూట కూర్చుంటే అయ్యే పని. ఎవరూ ముందుకు రాకపోతే నేను కూర్చుంటాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగూ ఓటుకు పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.