పాత రంగు వదిలించేముందు డబ్బా మీద చదవండి

పండగకో పెళ్లికో ఇంటికి రంగులు వేయించేముందు తలుపులు, గ్రిల్స్ మీది పాత ఎనామిల్ తీయించాల్సి వస్తుంది. అందుకు వాడేది పెయింట్ రిమూవర్. పూసిన కాసేపటికే రంగు బుడగలెత్తి ఊడి వస్తుంది. ఏ షేడ్ వేయాలో వారం రోజులు చర్చించుకునే మనం, ఈ డబ్బాలో ఏముందో మాత్రం అడగం. తప్పక అడగాలి.

ఘాటైన రిమూవర్లలో వాడే ద్రావణి మిథిలీన్ క్లోరైడ్. దీని ఆవిరి గాలికన్నా బరువు. మూసిన గదిలో కిందే పేరుకుంటుంది. పీలిస్తే తల తిరుగుతుంది, మత్తు కమ్ముతుంది. ఒంట్లో కొంతభాగం కార్బన్ మోనాక్సైడ్‌గా మారి, రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని తగ్గిస్తుంది. గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. అమెరికాలో 2000-2011 మధ్య స్నానాల తొట్ల పాత పూత తీస్తూ కనీసం 13 మంది కార్మికులు చనిపోయారు. ఈ రసాయనమున్న రిమూవర్లను సాధారణ వినియోగదారులకు అమ్మకుండా అక్కడ 2019లో నిషేధించారు.

లేబుల్ మీద మిథిలీన్ క్లోరైడ్ లేదా డైక్లోరోమీథేన్ అని ఉంటే ఆ డబ్బా కొనొద్దు. ఏమేం కలిపారో రాయని డబ్బా అసలే వద్దు. వేరే రకమైనా, మంటకు దూరంగా, గాలి ఆడేచోటే వాడాలి. వీలైతే తలుపులు ఊడదీసి ఆరుబయట నీడలో పని చేయించండి. పిల్లలను, గర్భిణులను దగ్గరికి రానివ్వొద్దు.

రిమూవర్‌ను మందంగా, ఒకే దిశలో పూయాలి. లేబుల్‌పై చెప్పినంతసేపు ఆగి, ఆరిపోకముందే గీకేయాలి. తొందరపడితే సగమే ఊడుతుంది, మళ్లీ పూయాల్సి వస్తుంది. మిగిలిన మరకలను పొడిగా సాండ్‌పేపర్‌తో రుద్దొద్దు, తడిపి రుద్దాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండొచ్చు. ఆ దుమ్ము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

బట్ట మాస్కు, ఎన్95 ఈ ఆవిరిని ఆపలేవు. పలుచటి సర్జికల్ గ్లవ్స్ కూడా చాలవు. రసాయనాలను తట్టుకునే గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాలి. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టరుకు చూపించాలి. తల తిరిగితే వెంటనే బయటి గాలికి రావాలి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయాలి.

‘పెయింటర్‌కు అలవాటేలే’ అనుకోవడం సరికాదు. రోజూ పీల్చేది అతనే కాబట్టి ఎక్కువ నష్టమూ అతనికే. గ్లవ్స్, కళ్లద్దాల ఖర్చును అతని కూలిలో కోయకుండా మన రంగుల లెక్కలోనే రాసుకుందాం.