మెనూలో లేని కూర

సర్వసభ్య సమావేశం అయ్యాక ఆ రాత్రి అందరం కలిసి తినాలనుకున్నాం. పటాన్‌చెరు, బొల్లారం, సంగారెడ్డి నుంచి ఇరవై ఆరుగురం. ఫ్యాక్టరీల్లో ప్యాకింగు చేసేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ఇద్దరు టీచర్లు, మేం నలుగురం కార్యకర్తలం. మాంసం ముట్టనిది ఒక్కరే, జహీరాబాద్ వైపు లింగాయతుల ఇంటి అమ్మాయి. ఏమేం వండాలో రాసే పని నాకు పడింది. ఏళ్ల తరబడి హక్కుల గురించి రాస్తున్నదాన్ని, ఇదెంత పని అనుకున్నాను.

బగారా అన్నం, కోడికూర, వేటకూర అని రాశాను. ఆ అమ్మాయికి వేరే పొయ్యి మీద పప్పు, వంకాయ కూర, పెరుగు. గరిటె కూడా వేరే అని కింద గీత గీసి మరీ రాశాను.

కాగితం చదివి వినిపిస్తే బొల్లారం నుంచి వచ్చే పెద్దమ్మ ఒకామె నవ్వింది. "ఒక్క పిల్ల కోసం పొయ్యి వేరే పెడ్తివి, గరిటె వేరే పెడ్తివి. మంచిగనే ఉంది బిడ్డా. మేం పదిమందిమి పెద్దకూర తినేటోళ్లం ఉన్నం. మమ్ముల ఒక్కపారన్న అడిగినవా?"

అడగలేదు. అడగాలని తట్టనే లేదు. మాంసాహారులు అని రాస్తున్నప్పుడు నా బుర్రలో ఉన్నవి కోడి, మేక మాత్రమే.

2014 నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో దాదాపు 99 శాతం మాంసం తినేవాళ్లే. అంటే మన పంక్తిలో శాకాహారి ఒంటరిది, ఆమె గురించి ఆలోచించాల్సిందే. అయితే ఆమె తిండి గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడగలరు. పెద్దకూర మాట వచ్చేసరికి మన మీటింగుల్లో కూడా గొంతు తగ్గిపోతుంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే రాళ్లు పడ్డాయి. చట్టం ఒప్పుకోదు కదా అని మాలోనే ఒకరు అన్నారు. 1977 నాటి చట్టం గోవధను నిషేధించింది. పనికిరాని ఎద్దులనూ దున్నలనూ ధ్రువపత్రం మీద కోయవచ్చు. ఇది తెలియకుండానే చాలామంది భయపడుతున్నారు, భయపెడుతున్నారు.

శాకాహారి అమ్మాయిని కూడా నేను అడగకుండానే రాశానని అప్పుడు గుర్తొచ్చింది. అడిగితే ఆమె చెప్పింది వేరు. "పక్కన ఎవరేం తిన్నా నాకేం కాదక్కా. మాంసంలో పెట్టిన గరిటె పప్పులో పెట్టకుంటే చాలు. గోంగూరల ఎండు రొయ్యలు ఏసి చెప్పకుండ పెడ్తరు చూడు, అదే బాధ. లేకుంటే అందరికీ అన్నీ, నాకు పెరుగన్నం." ఆమెకు కావలసింది మర్యాద కాదు, నిండు విస్తరి.

కాగితం చింపి మళ్లీ రాశాం. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, గుత్తివంకాయ, పచ్చిపులుసు, పల్లీల పచ్చడి అందరికీ. ఇవి ముందు వండి, మూతలు పెట్టి పక్కకు తీయాలి. ఆ తర్వాతే కోడికూర, పెద్దకూర పొయ్యెక్కాలి. వేటకూర తీసేశాం, ధర మాకు అందేది కాదు. ఒకరు చేపలన్నారు. మా పక్క చేప అంటే ఏ నీళ్లదని ముందు అడుగుతాం. ఫ్యాక్టరీల నీళ్లు కలిసిన నక్కవాగు మా కళ్లముందే ఉంది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. వాగు చేపల పులుసు రుచి మా పెద్దమ్మల మాటల్లోనే మిగిలింది.

వడ్డన దగ్గర ఇంకో మాట వచ్చింది. ఇంట్లో ముక్కలు మగవాళ్లకీ మగపిల్లలకీ వెళ్లాక అడుగున మిగిలిన పులుసే మనది. ఎన్నేళ్లుగా మాంసం తింటున్నావంటే ఏం చెప్పాలి, తిన్నది పులుసేనాయె అంది ఒకామె. అందుకని వండినవాళ్లు ముందు కూర్చుని తినాలని, మేం కార్యకర్తలం వడ్డించి గిన్నెలు తోమాలని తేల్చారు. ఎప్పుడూ వాళ్లతో వండించుకుని ఉపన్యాసాలిచ్చేది మేమే కాబట్టి ఎదురు చెప్పడానికి నోరు రాలేదు.

మాట్లాడుకున్న హాలు యజమాని పెద్దకూర సంగతి విని తాళంచెవి ఇవ్వనన్నాడు. పెద్దమ్మ ఇంటి ముందర వాకిట్లోనే మూడు పొయ్యిలు పెట్టాం. ఇరవై ఆరుగురిలో ఇద్దరు రాలేదు. ఒకామెకు జ్వరం. రెండో ఆమె తలనొప్పి అంది కానీ కారణం అది కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. వచ్చేవారం వాళ్లింటికి వెళ్తున్నాను, మాట్లాడాలి. ఆ రాత్రి అన్నిటికంటే ముందు అయిపోయింది గుత్తివంకాయ. శాకాహారి అమ్మాయికి రెండోసారి వేద్దామంటే గిన్నెలో లేదు.