తీపి వేరు, చక్కెర వేరు

సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయిలో ఉక్కు కర్మాగారం నిర్మించడానికి 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పటి మధ్యప్రదేశ్‌లో ఉండి, 2000 సంవత్సరంలో ఛత్తీస్‌గఢ్‌లో చేరిన ఈ ఊరికి బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. కొలిమి సెగలో ఎనిమిది గంటలు నిలిచి పనిచేసే మనిషికి తియ్యని టీ ఒక ఆసరా. ఆ తొలి తరంవారు ఏనాడో పదవీ విరమణ చేశారు. వారి టీ అలవాటు మాత్రం విరమణ చేయలేదు.

నేడు అటువంటి ఇంటి వంటగదిలో పంచదార డబ్బా ఒంటరిగా ఉండదు. దాని పక్కన బెల్లం, తేనె సీసా, తీపి మాత్రల బుడ్డి, మధుపత్రి పొడి చేరాయి. తాతగారికి మధుమేహం, కోడలికి బరువు తగ్గవలెనన్న పట్టుదల, మనుమడికి మిఠాయిల మీద మోజు. ఏ డబ్బా ఎవరికి తగినది? భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నది. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో నిలిచి ఉన్నారు. కావున ఈ ప్రశ్న ఏ ఒక్క ఇంటిదో కాదు.

బెల్లానికి మినహాయింపు లేదు

పంచదార మానివేసి బెల్లానికి మారితే మేలని నమ్మేవారు అనేకులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో ప్రచురించిన పట్టికలను చూస్తే 100 గ్రాముల పంచదారలో 398 క్యాలరీలు, బెల్లంలో 383, తేనెలో 319 ఉన్నాయి. బెల్లంలో అధిక భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. తాటిబెల్లమూ అంతే. తేనెలో ఉన్నవి ముఖ్యంగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్. రక్తంలో కలిసిన తరువాత ఈ చక్కెర ఏ డబ్బాలో నుండి వచ్చిందని శరీరం విచారించదు.

బెల్లంలో ఇనుము ఉన్నదన్న మాట నిజమే. కాని పురుషునికి దినానికి 19 మిల్లీగ్రాములు, స్త్రీకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని 2020 నాటి ప్రమాణాలు చెబుతున్నాయి. చెంచాడు బెల్లం ఇచ్చేది అందులో అత్యల్ప భాగం. దాని కోసం బెల్లం తినడం కంటే ఆకుకూరలు, పప్పులు తినడం మేలు. రుచి కోసమైతే అది వేరే సంగతి. ఛత్తీస్‌గఢ్ ఇళ్లలో బియ్యపు పిండితో, బెల్లంతో చేసే అయిరసా మన అరిసెకు తోబుట్టువు. పండుగనాడు ఒక్క అరిసె తృప్తిగా తినడం తప్పు కాదు. బెల్లంతో చేశారు గనుక నాలుగు తినవచ్చుననుకోవడం తప్పు.

తేనె విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు పసిపేగులలో పెరిగి, కండరాలను చచ్చుపడజేసే విషాన్ని పుట్టించగలవు.

మాత్రల కథ

శాకరిన్‌ను 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో కాన్‌స్టంటిన్ ఫాల్‌బర్గ్ కనుగొన్నాడు. అది పంచదార కంటే మూడు, నాలుగు వందల రెట్లు తియ్యన. ఎలుకలలో మూత్రాశయ కణుతులు కనిపించినందున 1977లో అమెరికా ప్రభుత్వం దానిని నిషేధింపజూచింది. ఆ కణుతులకు కారణమైన ప్రక్రియ ఎలుకలకే ప్రత్యేకమని తరువాత తేలినందున, 2000లో దానిని క్యాన్సర్ అనుమానితుల జాబితా నుండి తొలగించారు.

1965లో జేమ్స్ ష్లాటర్ కనుగొన్న ఆస్పర్టేమ్ సుమారు 200 రెట్లు తియ్యన. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2023లో దీనిని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న వర్గంలో చేర్చింది. ఈ వర్గంలో చేర్చడానికి పరిమితమైన ఆధారాలు చాలు. అదే సమయంలో ఆహారపు కలుపుల నిపుణుల సంఘం పాత హద్దునే నిలబెట్టింది: దినానికి శరీరపు బరువులో ప్రతి కిలోకు 40 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి అది 2,400 మిల్లీగ్రాములు. టీలో ఒకటి రెండు మాత్రలు వేసుకునేవారు ఆ హద్దుకు చాలా దూరంలోనే ఉంటారు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టువ్యాధి ఉన్నవారు మాత్రం దీనిని తాకరాదు. పొయ్యి మీద మరిగిస్తే ఆస్పర్టేమ్ తీపి తగ్గిపోతుంది. కావున దించిన తరువాతనే కలపవలెను.

మధుపత్రి, అనగా స్టీవియా, పరాగ్వే దేశపు మొక్క. దాని ఆకు నుండి శుద్ధి చేసిన తీపి పదార్థాన్ని మన దేశంలో 2015లో అనుమతించారు. ‘ప్రకృతి సిద్ధం’ అని రాసి ఉన్నంత మాత్రాన పొట్లంలో ఉన్నదంతా ఆకే అనుకోరాదు. పరిమాణం కోసం ఇతర పదార్థాలు కలుపుతారు గనుక, వెనుక ఉన్న జాబితా చదివి కొనవలెను.

మధుమేహం ఉన్నవారు పంచదారకు బదులుగా ఈ తీపి పదార్థాలను మితంగా వాడుకోవచ్చు. బరువు తగ్గడానికి మాత్రం వీటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సలహా ఇచ్చింది. వాటివలన దీర్ఘకాలంలో బరువు తగ్గుతుందనడానికి ఆధారం చాలదన్నది. ఈ సలహా మధుమేహం ఉన్నవారికి వర్తించదని కూడా స్పష్టం చేసింది.

చక్కెరే కావలసిన వేళలు

తీపి నాలుకకు సంబంధించినది. చక్కెర శరీరానికి ఇంధనం. ఈ భేదం మరచిన ఇంట్లో ప్రమాదం జరగవచ్చును.

ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మధుమేహపు మాత్రలు గాని వాడే కార్మికుడు రాత్రి షిఫ్టులో భోజనవేళ తప్పిపోతే రక్తంలో చక్కెర పడిపోవచ్చును. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. కొలిమి పక్కన నిలిచిన మనిషికి చెమట పట్టడం వింత కాదు గనుక తోటివారు పోల్చుకోలేకపోవచ్చు. ఆ స్థితిలో ‘మధుమేహం కదా’ అని తీపి మాత్ర వేసిన టీ ఇస్తే ప్రయోజనం శూన్యం. స్పృహ ఉన్నవానికి వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి ఇవ్వవలెను. పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమీ పోయరాదు, ఆసుపత్రికి తరలించవలెను. ఇటువంటి మందులు వాడేవారి జేబులో గ్లూకోజ్ పొట్లం ఎప్పుడూ ఉండవలెను. ఆ సంగతి పక్కనున్నవారికి తెలిసి ఉండవలెను.

విరేచనాలు పట్టుకున్న పసివాని సంగతీ ఇటువంటిదే. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగిస్తే ప్రాణం నిలుస్తుంది. చెంచాలు తల కొట్టి కొలవవలెను. పేగులోని గ్లూకోజ్ తనతోపాటు ఉప్పును, ఉప్పు వెంట నీటిని రక్తంలోకి తీసుకుపోతుంది. తీపి మాత్ర ఈ పని చేయలేదు.

చెంచాను తగ్గించడం

మరి ఆరోగ్యవంతులకు హద్దు ఎంత? ఆహారంలో కలిపే చక్కెరల నుండి వచ్చే శక్తి మొత్తంలో పది శాతం దాటరాదని, అయిదు శాతానికి తగ్గితే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. దినానికి 2,000 క్యాలరీలు తినేవారికి అయిదు శాతమంటే 25 గ్రాములు, సుమారు అయిదు చెంచాలు. రోజుకు అయిదు టీలు, టీకి రెండు చెంచాల పంచదార చొప్పున లెక్కిస్తే 50 గ్రాములు అవుతుంది. నెలకు మనిషికి కిలోన్నర. మిఠాయి, శీతల పానీయం ఈ లెక్కలోకి ఇంకా రాలేదు.

ఒక్కసారిగా మానితే నాలుక తిరగబడుతుంది. పదిహేను రోజులకు అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ వస్తే, రెండు నెలలు తిరిగేసరికి టీలో పంచదారే ఉండదు. అప్పటికి పాత టీ వెగటు పుట్టిస్తుంది. పిల్లలకు ఏ తీపి మాత్రా అవసరం లేదు. వారికి పండు చాలు. రసం పిండకుండా పండుగానే తింటే పీచు కూడా దక్కుతుంది.

ఏ డబ్బా కొనవలెనన్న తర్కం ఇంట్లో ఎంతకాలమైనా సాగవచ్చు. ఏ డబ్బాలోనైనా ముంచే చెంచా ఒకటే గనుక, ముందుగా దాని కొలత తగ్గించుకున్న ఇంటివారికి ఆ తర్కం అంతగా అవసరపడదు.