కోడి కునుకుతుంటే కత్తి వైపు చూడొద్దు

గేదె ఈనలేక అవస్థ పడుతుంటే అర్ధరాత్రయినా పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తాం. ఎద్దు మేత మానేస్తే పొలం పని ఆపుకుని దాని దగ్గర కూర్చుంటాం. అదే కోడి రెక్కలు వాల్చి మూలన కునుకుతుంటే మన ఊళ్లలో వినపడే మాటలు రెండే. చావకముందే కోసెయ్యండి, లేదా రేపు సంత ఉంది, అమ్మెయ్యండి. ఈ రెండు మాటల వల్లే ఒక ఇంట్లో మొదలైన తెగులు వారం తిరిగేసరికి ఊరంతా పాకుతోంది. కోడి జబ్బును ఆ ఇంటి ఆడవాళ్ల సొంత గొడవగా వదిలేయకూడదని, పైరుకు తెగులొస్తే ఊరు కదిలినట్టే దీనికీ కదలాలని మేము అంటున్నాం.

ఇది చిన్న విషయం కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతుల వంటి పెంపుడు పక్షులు 85 కోట్లకు పైగా ఉన్నాయి. అందులో దాదాపు 31.7 కోట్లు పెరళ్లలో పెరిగేవే. 2012 లెక్కతో పోలిస్తే పెరటి పక్షులు సుమారు 46 శాతం పెరిగాయి. భూమి లేని కూలీ ఇంట్లో, కౌలు రైతు ఇంట్లో ఆడవాళ్లు ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకోగలిగిన డబ్బు ఈ కోళ్లే. పిల్లల నోటు పుస్తకాలు, బస్సు చార్జీలు, మందుబిళ్లలు వీటి మీదే వెళ్తాయి. పంట పోతే కనీసం నష్టం రాసుకోవడానికి ఎవరో ఒకరు వస్తారు. పెరట్లో పది కోళ్లు పోతే ఏ కాగితం మీదా ఎక్కదు.

ముందు వేసుకోవాల్సిన ప్రశ్న

కోడి జబ్బు పడితే మొదటి ప్రశ్న ఏ మందు వెయ్యాలన్నది కాదు. జబ్బు పడింది ఒక్కటేనా, ఎక్కువ కోళ్లా అని చూడాలి. ఒకే పెట్ట మెడ ఎత్తి నిటారుగా నిలబడి పదే పదే ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్లలో కడుపు భాగం కాసేపు ఉంచి, మలద్వారం దగ్గర కొంచెం నూనె రాసి, చీకటిగా వెచ్చగా ఉన్నచోట వదిలితే చాలాసార్లు పెట్టేస్తుంది. లోపల గుడ్డు పగిలేలా నొక్కకూడదు. తింటున్నా రొమ్ము ఎముక చేతికి తగిలేంతగా చిక్కిపోయి, జుట్టు పాలిపోతే నులిపురుగులో, ఒంటి మీద పేలో ఉన్నాయేమో చూడాలి. రెక్కల కింద ఈకలు విడదీస్తే పేలు కంటికే కనపడతాయి.

పిల్లలు ఈకలు ఉబ్బించి ముడుచుకుని, రెట్టలో రక్తం పడుతుంటే అది రక్తపారుడు. తడిసిన గూడు, బురద దీనికి పుట్టిల్లు. దీనికి మందు ఉంది. త్వరగా నీళ్లలో కలిపి ఇస్తే చాలా పిల్లలు బతుకుతాయి. జుట్టు మీద, కళ్ల చుట్టూ పొక్కులు కట్టి పెచ్చులైతే అది మశూచి. దోమల వల్ల పాకుతుంది. దాన్ని తగ్గించే మందు లేదు. కంటి పుండ్లను ఉప్పునీళ్లతో శుభ్రం చేస్తూ మేత అందిస్తే చాలావరకు కోలుకుంటాయి.

అన్నిటికన్నా భయపడాల్సింది కొక్కెర తెగులుకే. ఆకుపచ్చగా, తెల్లగా పలచని రెట్ట, నోరు తెరిచి ఊపిరి లాగడం, రెండు మూడు రోజుల్లో మెడ మెలి తిరగడం, కాళ్లు రెక్కలు పడిపోవడం దీని గుర్తులు. ఒకదాని వెనుక ఒకటిగా గంప ఖాళీ అవుతుంది. ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర 1926లో కనిపించిన ఈ జబ్బు ఆ మరుసటి ఏడాది కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడింది. అందుకే డాక్టర్లు దీన్ని రాణిఖేత్ అంటారు. ఇది వైరస్ జబ్బు, వచ్చాక తగ్గించే మందు లేదు. వెల్లుల్లి, పసుపు, వేపాకు పెడితే తప్పు లేదు, కానీ వాటితో కొక్కెర తగ్గదు. మనకు వాడగా మిగిలిన గొట్టం మాత్రలు విప్పి నోట్లో పొయ్యడం అంతకన్నా పనికిరాదు. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. పైగా ఆ మందు గుడ్డులోనూ మాంసంలోనూ మిగిలి మన పిల్లల కంచంలోకి వస్తుంది. కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది ఇలాంటి ప్రమాదం చూసే.

ఇంట్లో చేయగలిగింది ఇదీ. జబ్బు కోడిని వెంటనే విడిగా, వేరే గంప కింద, గాలి వెలుతురు ఉన్న నీడలో పెట్టాలి. నీళ్లలో కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి తాగించాలి. నూకల జావ లాంటి మెత్తని మేత ఇవ్వాలి. ముందు బాగున్న కోళ్లకు మేత నీళ్లు చూసి, ఆ తరువాతే జబ్బుదాని దగ్గరకు వెళ్లాలి. చేతులు కడుక్కోవాలి. సంతలో కొన్న కోడిని రెండు వారాలు విడిగా ఉంచి ఆ తరువాతే మందలో కలపాలి. చచ్చినదాన్ని కాలువలో విసరకుండా, కుక్కలు తవ్వనంత లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చాలి.

ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చస్తే మాత్రం అది కొక్కెరో బర్డ్ ఫ్లూనో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళ్లాల్సిందే. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు ఇదంతా చూశాం. అలాంటప్పుడు కోళ్లను కోయడం, తినడం, అమ్మడం వద్దు. పశువుల ఆసుపత్రికి చెప్పాలి, లేదా 1962కు ఫోన్ చేయాలి.

సీసాలో వంద, పెరట్లో ఎనిమిది

కొక్కెరకు మందు లేదు గానీ టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఎనిమిది వారాలప్పుడు రెక్క కింద అర మిల్లీలీటరు ఆర్‌టూబీ సూది. ఇవి కొత్తవేమీ కావు, దశాబ్దాలుగా వాడుతున్నవే. ఖరీదైనవీ కావు. అయినా పెరటి కోడికి ఎందుకు అందడం లేదు?

టీకా మామూలుగా వంద కోళ్లకు సరిపడే సీసాలో వస్తుంది. ఐస్‌లో ఉంచి తేవాలి. కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు సీసా కొంటే తొంభై రెండు కోళ్ల టీకా పారబోయాలి. ఇక రెండో చిక్కు వేళ. కోళ్లు తెల్లవారగానే గూడు దాటి పోతాయి, చీకటి పడేదాకా తిరిగి రావు. సిబ్బంది ఊళ్లోకి వచ్చేది ఆఫీసు వేళల్లో. అప్పుడు గూళ్లు ఖాళీగా ఉంటాయి. వచ్చినవాళ్లకు కోడి దొరకదు, రిజిస్టరులో మాత్రం కార్యక్రమం జరిగినట్టు ఉంటుంది. తప్పు ఆ ఉద్యోగిది కాదు. గేదెలకు, షెడ్డు కోళ్లకు వేసిన పద్ధతినే పెరటికీ అంటగట్టడంలో ఉంది.

దీనికి దారి ఉంది. ఇంటికి ఎనిమిది చొప్పున పన్నెండు ఇళ్లు కలిస్తే 96 కోళ్లు. ఒక వీధికి ఒక సీసా సరిపోతుంది. ముందు రోజు రాత్రి కోళ్లను గంపల కింద మూసి, తెల్లవారుజామున వీధి మొత్తం ఒకేసారి వేయిస్తే గంటలో అయిపోతుంది. వారం ముందే నులిపురుగుల మందు తాగించాలి, జబ్బుగా ఉన్నవాటికి సూది వెయ్యకూడదు. సంక్రాంతి వెళ్లాక ఎండలు ముదరకముందు ఒక విడత, ఆ తరువాత ఆరు నెలలకు కొత్త పిల్లలనూ కలుపుకుని మరో విడత వేయించాలి. మన సంఘం గ్రామ శాఖలు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లు కలిస్తే ఇది ఏ ఊళ్లోనైనా జరిగే పనే.

అయితే అంతా మనమే చేసుకుంటే ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. మేము అడుగుతున్నది నాలుగు విషయాలు.

ఒకటి, పెరటి కోళ్లకు ఏటా రెండు విడతల ఉచిత టీకా, అదీ కోళ్లు గూట్లో ఉండే వేళల్లో. 

రెండు, చిన్న సీసాలు, వేడిని కొంత తట్టుకునే టీకా. ఆస్ట్రేలియాలో తయారైన ఐ-టూ అనే టీకాను టాంజానియా, మొజాంబిక్ లాంటి దేశాల్లో పల్లె ఆడవాళ్లే నాలుగు నెలలకోసారి కంటి చుక్కగా వేస్తున్నారు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

మూడు, ఊరికి ఇద్దరు మహిళలకు టీకాలో శిక్షణ, ఐస్ డబ్బా, వేసిన కోడికి ఇంత అని ప్రతిఫలం.

నాలుగు, బర్డ్ ఫ్లూ పరిహారం పద్ధతి మారాలి. ఇప్పుడు అధికారులు వచ్చి చంపిన కోళ్లకే డబ్బు, అంతకుముందు చచ్చినవాటికి లేదు. ముందుగా కబురు చెప్పిన ఇల్లే నష్టపోతే ఎవరు చెబుతారు? సమాచారం ఇచ్చిన రోజు నుంచి చచ్చిన ప్రతి కోడినీ లెక్కలోకి తీసుకోవాలి.

ఈ నెల గ్రామ శాఖల సమావేశాల్లో పాలు, మద్దతు ధర, కరెంటుతో పాటు కోళ్ల సంగతీ ఎజెండాలో పెట్టండి. వీధివారీగా ఏ ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయో, కిందటి వేసవిలో ఎన్ని చచ్చాయో రాయించండి. ఆ లెక్క చెప్పగలిగింది ఆడవాళ్లే కాబట్టి వాళ్లు లేకుండా ఆ సమావేశం పెట్టొద్దు. ఆ కాగితం పట్టుకుని మండల పశువైద్యాధికారి దగ్గరకు కలిసి వెళదాం.